పియర్స్ నాగలి ఎవరిది?

పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న ప్రశ్న మన రాజకీయ వ్యాఖ్యానంలో ఎంతగా అరిగిపోయిందంటే, అందులో పిల్లి ఎవరో, ఎలుకలెవరో, అసలు గంట దేనికో ఎవరూ ఆలోచించరు. అధిష్ఠానానికి ఎదురుచెప్పే ముఖ్యమంత్రి లేనప్పుడు ఒకసారి, మంత్రివర్గంలో నోరు మెదిపే పెద్దమనిషి లేనప్పుడు మరోసారి ఆ మాటను వాడుకుని పక్కన పడేస్తాం. అదే కథను ఒక నిజమైన పార్లమెంటు గురించి, ఆ పార్లమెంటు ముగిసిన ఒకటి రెండేళ్ళలోనే, ఒక్క పేరూ ఎత్తకుండా వాడిన కవి ఒకడున్నాడు. వాడి, చివర ఒక విచిత్రమైన పని చేశాడు. ఈ కల అర్థమేమిటో మీరే ఊహించుకోండి, చెప్పే ధైర్యం నాకు లేదన్నాడు.

ఆ కవిని విలియం లాంగ్లండ్ అంటారు. డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉన్న ఒక రాతప్రతిలో ఎవరో రాసిపెట్టిన చిన్న గమనికే ఆ పేరుకు ముఖ్యాధారం. కావ్యం పేరు ‘పియర్స్ ప్లౌమన్’, నాగలి పట్టిన పియర్స్ అన్నమాట. 14వ శతాబ్ది చివరి మూడు దశాబ్దాలలో కవి దీన్ని రాశాడు, తిరగరాశాడు, మళ్ళీ తిరగరాశాడు. పండితులు ఆ మూడు రూపాలను ఏ, బీ, సీ పాఠాలంటారు. యాభైకి పైగా రాతప్రతులు మిగిలాయి. అదే కాలపు మరో మహాకావ్యం, సర్ గావైన్ కథ, ఒకే ఒక్క ప్రతిలో బతికి బయటపడిందని గుర్తుచేసుకుంటే ఈ సంఖ్యకు అర్థం తెలుస్తుంది. జనం దీన్ని చదివారు, రాసుకున్నారు, దాచుకున్నారు.

దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారు ఇంకా ఫుట్‌పాత్ మీదే ఉన్న రోజుల్లో దీని విద్యార్థి ప్రతి ఒకటి నా చేతికి వచ్చింది. పార్లమెంటు సమావేశాలలో వాయిదాకూ వాయిదాకూ మధ్య, గందరగోళం సద్దుమణిగేదాకా కూర్చునే ఖాళీ గంటలలో, అట్ట ఊడిన ఆ పుస్తకాన్ని కొద్దికొద్దిగా చదువుతూ వచ్చాను. నేను సాహిత్యాచార్యుణ్ణి కాను. చట్టసభలను, వాటి చుట్టూ తిరిగే డబ్బును చూసి బతికినవాణ్ణి. ఈ కావ్యం గురించి రాయడానికి నాకున్న అర్హత అంతే. అయితే ఈ కావ్యానికి అది మరీ తక్కువ అర్హతేమీ కాదని నా అభిప్రాయం.

కథ మాల్వెర్న్ కొండల మీద మొదలవుతుంది. మే నెల ఉదయం. గొర్రెబొచ్చు వంటి ముతక బట్ట కప్పుకున్న ఒక దేశదిమ్మరి వాగు ఒడ్డున నిద్రపోయి కల గంటాడు. తూర్పున ఎత్తు మీద ఒక బురుజు, కింద లోయలో ఒక చీకటి కొట్టు, రెంటికీ నడుమ విశాలమైన పొలం. పొలం నిండా మనుషులు. దున్నేవాళ్ళు, అమ్మేవాళ్ళు, బిచ్చమెత్తేవాళ్ళు, పాపాలకు క్షమాపత్రాలు అమ్ముకునే మతాధికారులు, డబ్బు కనిపించందే పెదవి విప్పని వకీళ్ళు. ఆ గుంపులోకి ఒక రాజు వస్తాడు. రాజధర్మం గురించి ఒక దేవదూత ఆకాశం నుంచి లాటిన్‌లో మాట్లాడతాడు. పామర జనం దాన్ని పట్టుకుని తమవైపు వాదించుకోలేరని, భరించడం, సేవించడం మాత్రమే వాళ్ళవంతని కవి అక్కడే చురక వేస్తాడు. ఉన్నత న్యాయస్థానాల భాష గురించి మనం ఇప్పటికీ చేస్తున్న తగువు అది.

ఆ వెంటనే ఎలుకల సభ. చుంచులూ పందికొక్కులూ వెయ్యికి పైగా చేరి, తమ సుఖం కోసం సమాలోచన మొదలుపెడతాయి. ఆస్థానపు పిల్లి ఇష్టం వచ్చినప్పుడు దూకుతోంది, గోళ్ళతో ఆడుకుంటోంది. మాటకారి అయిన ఒక పెద్ద ఎలుక లేచి, నగరంలో ప్రభువులు మెడలో బంగారు గొలుసులు వేసుకుని తిరుగుతారు కదా, అలాంటిదే ఒక పట్టీకి గంట తగిలించి పిల్లి మెడకు కడదామంటుంది. తీర్మానం ఏకగ్రీవం. గంట కొంటారు కూడా. కట్టేవాళ్ళుండరు. ఇంతవరకూ మనకు తెలిసిన కథే. తరువాత ఒక చుంచు ముందుకు వచ్చి అసలు గంట వద్దంటుంది. ఈ పిల్లిని చంపితే ఇంకో పిల్లి వస్తుంది. పిల్లికూన ఏలే ఆస్థానం మరీ దిక్కుమాలినది. పిల్లి కుందేళ్ళను పట్టుకుంటున్నంతసేపూ మన జోలికి రాదు. అన్నిటికీ మించి, పిల్లి భయమే లేకపోతే ఎలుకలమైన మనం ఎందరి ధాన్యాన్ని పాడుచేస్తామో ఆలోచించండని దాని వాదన.

దీని వెనుక ఉన్నది 1376 నాటి పార్లమెంటు. ముసలివాడైన మూడో ఎడ్వర్డ్ దగ్గర ఆయన ప్రియురాలు ఆలిస్ పెరర్స్ మాటే చెల్లుబాటవుతోంది. ఫ్రాన్సుతో యుద్ధం ఖజానాను ఊడ్చేసింది. ఏప్రిల్ చివర వెస్ట్‌మినిస్టర్‌లో సభ చేరగానే ప్రభుత్వం పన్ను అడిగింది. ముందు పాత లెక్క చెప్పమంది కామన్స్ సభ. హెర్‌ఫర్డ్‌షైర్ ప్రతినిధి పీటర్ డి లా మేర్ అందరి తరఫునా నిలబడి మాట్లాడాడు. స్పీకర్ అన్న మాట అప్పటికి పదవిగా స్థిరపడలేదు. రాజు ఆంతరంగికుడు లాటిమర్ మీద, లండన్ వర్తకుడు రిచర్డ్ లయన్స్ మీద సభ నేరం మోపి విచారించింది. మన రాజ్యాంగం 61వ అధికరణలో రాష్ట్రపతికి సంబంధించి వాడిన అభిశంసన ప్రక్రియ పుట్టుక అక్కడే. ఆలిస్‌ను ఆస్థానం నుంచి వెళ్ళగొట్టారు. జనం ఆ సభను మంచి పార్లమెంటన్నారు.

మంచితనం జూలై వరకే. సభ ముగిసిన కొద్ది నెలల్లో రాజు కొడుకు జాన్ ఆఫ్ గాంట్ అన్నిటినీ తిరగదోడాడు. పీటర్ డి లా మేర్ నాటింగమ్ కోటలో ఖైదీ అయ్యాడు. ఆలిస్ తిరిగి వచ్చింది. 1377 జనవరిలో చేరిన కొత్త సభ, పాత సభ చేసినదాన్ని తుడిచేసి, 14 ఏళ్ళు దాటిన ప్రతి తలకూ నాలుగు పెన్నీల పన్నుకు తల ఊపింది. ఆ వేసవిలో ముసలి రాజు పోయాడు. గద్దె మీదికి పదేళ్ళ మనుమడు రెండో రిచర్డ్ వచ్చాడు. చుంచు చెప్పిన పిల్లికూన ఇతడే.

ఈ కథను లాంగ్లండ్ ఒక్కడే వాడలేదు. 1376 మే నెలలో, ఆ సభ జరుగుతున్నప్పుడే, రోచెస్టర్ బిషప్ థామస్ బ్రింటన్ ఒక ప్రసంగంలో సరిగ్గా ఈ ఎలుకల కథే చెప్పాడు. ఆయన ఉద్దేశం దీనికి పూర్తిగా విరుద్ధం. మాటలు చెప్పి లేచిపోయే ఎలుకల సభగా మిగలవద్దు, తీర్మానించినది చేసి చూపండని ఆయన సభ్యులకు ఉద్బోధించాడు. కథ ఒకటే, ఏడాది రెండేళ్ళ తేడా. మొదటిది గెలుస్తామనుకున్న రోజుల్లో, రెండోది ఓడిపోయాక. ఎలుకల కథ ఏ పాఠంలోనూ మొదటినుంచీ లేదు. ఏ పాఠం ఆ సభకు ముందుది, అందులో ఇది కనిపించదు. బీ పాఠంలో చేరింది. అంటే కవి రాసిపెట్టుకున్న కావ్యాన్ని మళ్ళీ విప్పి, వార్తను అందులో కుట్టాడు.

ఇక చుంచు మాట కవి మాటేనా? చాలామంది విమర్శకులు అవునంటారు. లాంగ్లండ్ వ్యవస్థను కూలదోయాలనుకున్నవాడు కాదు, రాజు ఉండాలి, రాజు బుద్ధిగా ఉండాలి, అంతే ఆయన రాజకీయమంటారు. నాకు ఆ పఠనం సగమే రుచిస్తుంది. ఓడిపోయిన సభల తరువాత కారిడార్లలో వినిపించే గొంతు ఎలాంటిదో నేను విన్నాను. అది నిన్నటిదాకా గంట కొందామన్నవాళ్ళ గొంతే. వినయంగా ఉంటుంది, అనుభవం పలుకుతున్నట్టుంటుంది, చక్కటి తర్కంతో ఉంటుంది. పిల్లి పోతే ఇంకో పిల్లి వస్తుందన్న వాక్యంలో అబద్ధం లేదు. దాన్ని ఎప్పుడు, ఎవరు, ఎందుకు పలుకుతున్నారన్నదే ప్రశ్న. లాంగ్లండ్ ఆ వాక్యాన్ని తన నోట పలకలేదు, ఒక చుంచు నోట పెట్టాడు. పెట్టి, అర్థం చెప్పే ధైర్యం లేదన్నాడు. నిజంగా విధేయత బోధించదలచినవాడికి భయం దేనికి? విధేయతకు ఏ కాలంలోనైనా అనుమతి అక్కరలేదు కదా.

కావ్యాన్ని ఎలా చదవాలన్నదానికి ఒక మాట. మధ్యయుగపు ఇంగ్లీషును కంటితో చదివితే అది మూతపడిన తలుపు. ఇప్పుడు వాడుకలో లేని రెండు మూడు అక్షరాలు, ఊరికొక వర్ణక్రమం. పైకి చదివితే సగం దానంతట అదే తెరుచుకుంటుంది. తెలుగువాడికి ఇక్కడ ఒక సౌకర్యం ఉందని నా అనుభవం. చాసర్ వలె లాంగ్లండ్ అంత్యప్రాసలు వాడలేదు. ఆయన పంక్తి మధ్యలో విరుగుతుంది. విరుపుకు ముందు ఊనిక పడే రెండు చోట్లా, విరుపు తరువాత మొదటి ఊనికలోనూ ఒకే ధ్వని వినిపించాలి. పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ మైత్రి కోరే చెవికి ఇది పరాయి విద్య కాదు. ఇంకో ఆశ్చర్యం ఉంది. మనకు అకారంతో హకారానికి యతిమైత్రి చెల్లినట్టే, ఆయనకు అచ్చులతో హకారం చెల్లుతుంది. లెక్కలు వేరు, ఛందస్సు వేరు, ఏ చారిత్రక సంబంధమూ లేదు. అయినా అర్థం తెలియని పంక్తిలో కూడా ఏ మాట మీద బరువు పడిందో మన చెవి పట్టేస్తుంది. వ్యంగ్యం చాలా చోట్ల ఆ బరువులోనే ఉంది. ధర్మం, ధనం ఒకే ధ్వనితో మొదలైనప్పుడు ఆ రెండింటినీ కలిపి కట్టడం కవికి ఎంత సులువో మనకు వేరే చెప్పాలా?

యతి తప్పిన చోట పాఠం తప్పిందని పరిష్కర్తలు అనుమానించడం మన దగ్గర ఉన్నదే. 1975లో బీ పాఠాన్ని ప్రచురించిన జార్జ్ కేన్, టాల్బట్ డొనాల్డ్‌సన్ అదే పని పెద్దఎత్తున చేశారు. ప్రతులన్నీ ఒకే మాట చెబుతున్నా, ధ్వని కుదరలేదని కొన్ని పంక్తులను దిద్దారు. మేధాశక్తికి అది గొప్ప ఉదాహరణ. కానీ రాసినవాడు ఎప్పుడూ నియమం తప్పడన్న నమ్మకం నాకు అంతగా లేదు. వార్త రాసే చేతికి గడువు ఎలాంటిదో తెలుసు.

కావ్యంలో నాకు అన్నిటికన్నా ప్రియమైన ఘట్టం లేడీ మీడ్ పెళ్ళి. ఎర్రటి పట్టు, వేళ్ళ నిండా రత్నాలు, కళ్ళు చెదిరే అందం. ఆమెను అసత్యానికిచ్చి పెళ్ళి చేయబోతున్నారు. కట్నం కింద రాసిచ్చే దస్తావేజులో గర్వం, అసూయ, లోభం, వడ్డీవ్యాపారం ఊళ్ళూ జిల్లాలుగా వర్ణితమవుతాయి. ధర్మశాస్త్రం అడ్డుపడి, వెస్ట్‌మినిస్టర్‌లో తేల్చుకుందామంటుంది. ప్రయాణానికి గుర్రాలు కావాలి. కొత్తగా నాడాలు కొట్టించిన ఒక షెరీఫ్ మీద పెళ్ళికూతురు ఎక్కుతుంది. మెల్లగా దుడుకు నడక నడిచే ఒక జూరీ సభ్యుడి మీద వరుడు. అధికారులే వాహనాలుగా ఊరేగింపు రాజధానికి బయలుదేరుతుంది. ఈ బొమ్మను మించిన రాజకీయ కార్టూన్ ఆరువందల ఏళ్ళలో నేను చూడలేదు. నగరంలో ఆమెను న్యాయాధికారులు ఓదారుస్తారు. ఒక సన్యాసి పాపనివేదన విని, మా మఠంలో ఒక కిటికీకి అద్దాలు వేయించు, నీ పేరు దాని మీద చెక్కిస్తామంటాడు.

మీడ్ అన్న మాటను తెలుగులో ఏమనాలని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. లంచమంటే కథ అక్కడే ముగిసిపోతుంది. బహుమానమంటే కోర పోతుంది. ప్రతిఫలమంటే పాఠ్యపుస్తకం. ఎందుకంటే ఆ మాటలో రెండూ ఉన్నాయి. సజ్జనుడికి దైవం ఇచ్చేదీ మీడే, న్యాయాధికారికి దొంగ ఇచ్చేదీ మీడే. ఆ రెంటినీ విడదీయలేకపోవడమే కావ్యంలోని తగువు. మన దగ్గర ఆ పని చేసే మాట ఒకటుంది. ముడుపు. పసుపు గుడ్డలో మూటగట్టి ఏడుకొండలవాడికి మొక్కుకునేదీ ముడుపే, కాంట్రాక్టు దక్కినందుకు అందజేసేదీ ముడుపే. పత్రికలవాళ్ళం ఆ మాటను రెండో అర్థంలో రోజూ అచ్చువేస్తూ మొదటి అర్థాన్ని మరిచిపోయాం. లాంగ్లండ్ పాఠకుడికి రెండూ ఒకేసారి వినిపించాయి.

రాజు మీడ్‌ను శిక్షించడు. అంతరాత్మ అనే తన యోధుడికిచ్చి పెళ్ళి చేస్తానంటాడు. అవినీతిని నీతిమంతుడికి కట్టబెడితే బాగుపడుతుందన్న ఆశ ఏ కాలపు రాజుకైనా ఉంటుంది. అంతరాత్మ నిరాకరిస్తుంది. అప్పుడు మీడ్ తనను తాను సమర్థించుకుంటుంది, ఎంత బాగా! సైనికుడికి జీతమియ్యకుండా రాజు యుద్ధం చేయగలడా? పనివాడు, గురువు, వర్తకుడు, ఎవరు నేను లేకుండా పనిచేస్తున్నారు? రాజు మీడ్ గెలిచిందనే అంటాడు. అంతరాత్మ జవాబులో అసలు సూక్ష్మం ఉంది. చేసిన పనికి తగిన కొలతతో ఇచ్చేది కూలి. అది మీడ్ కాదు. కొలత తప్పినదే, పనికి ముందే చేతులు మారినదే మీడ్. దాతల పేర్లు దాచిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు, ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ మధ్య లావాదేవీ ఉందేమో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందన్న వాదన నడిచింది. మీడ్ తరఫు వాదన కూడా నడిచింది. పార్టీలు నడవాలంటే డబ్బు కావాలి కదా అని. ఆ వాదనలో అబద్ధం లేకపోవడమే దాని బలం.

తరువాత వచ్చే కేసు ఇంకా నిష్ఠురం. శాంతి అనేవాడు పార్లమెంటులో అర్జీ పెడతాడు. అన్యాయమనేవాడు తన భార్యను ఎత్తుకుపోయాడు, పెద్దబాతులను, పందిపిల్లలను, గుర్రాన్ని తోలుకుపోయాడు, ధాన్యం తీసుకుని పుల్ల మీద గాట్లు పెట్టి ఇచ్చిపోయాడు. విచారణ మొదలవగానే మీడ్ వచ్చి శాంతి చేతిలో బంగారం పెడుతుంది. శాంతే లేచి, మహారాజా, వాడిని వదిలేయండి, నాకు ముట్టాల్సినది ముట్టిందని బతిమాలతాడు. జిల్లా కోర్టుల రిపోర్టింగ్ చేసిన ఎవరైనా ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుంటారు. బుద్ధి మాత్రం ఒప్పుకోదు. బాధితుడే రాజీపడినా నేరం నేరమే అంటుంది. బాధితుడి పేరు శాంతి కావడంలో ఉన్న చేదును కవి వివరించడు.

పియర్స్ ఇంతవరకూ రాడు. కావ్యం మూడోవంతు దగ్గరపడ్డాక, సత్యం ఇల్లు ఎక్కడో తెలియక తిరుగుతున్న యాత్రికుల గుంపులోకి తల దూర్చి, నాకు తెలుసు, నేను ఆయన దగ్గర పాలేరునంటాడు. అయితే ముందు నా అర ఎకరం దున్ని విత్తాలి, మీరూ చేయి వేయండంటాడు. తీర్థయాత్ర సేద్యంగా మారిపోతుంది. కొందరు పనిచేస్తారు. కొందరు సారా కొట్టు దగ్గర పాడుతూ పొలానికి సాయం చేస్తారు. సోమరులను అదుపు చేయమంటే నైటు మర్యాదగా మందలించి ఊరుకుంటాడు. గత్యంతరం లేక పియర్స్ ఆకలిని పిలుస్తాడు. ఆకలి వచ్చి సోమరుల పొట్ట పిండగానే గుడ్డివాళ్ళకు చూపు, కుంటివాళ్ళకు కాళ్ళు వస్తాయి. పంట ఇంటికి చేరగానే ఆకలి నిద్రపోతుంది. కూలీలు మళ్ళీ మొరాయిస్తారు. నిన్నటి కూర వద్దు, తాజా మాంసం, అదీ వేడివేడిగా కావాలంటారు. కూలీల మీద చట్టం చేసిన రాజునూ ఆయన సభనూ తిడతారు.

ఆ చట్టం 1351 నాటి కూలీల శాసనం. 1348, 49లలో వచ్చిన మహమ్మారి జనాభాలో మూడోవంతుకు పైగా, బహుశా సగం దాకా పొట్టనబెట్టుకుంది. పనిచేసే చేతులు తగ్గాయి, కూలి పెరిగింది. మహమ్మారికి ముందున్న కూలికే పనిచేయాలని, ఒప్పుకున్న పని వదిలి వెళ్ళకూడదని భూస్వాముల పార్లమెంటు శాసించింది. లాంగ్లండ్ ఇక్కడ ఎవరి పక్షం? నిజం చెప్పాలంటే ఈ చోట ఆయన శాసనం వైపే ఒరిగాడు. ప్రగతిశీల మిత్రులు ఈ పుటలను దాటవేస్తారు, అది సరికాదు. 2020 మే మొదటివారంలో నిర్మాణ సంస్థలతో ముఖ్యమంత్రి సమావేశం తరువాత కర్ణాటక ప్రభుత్వం వలసకూలీల రైళ్ళను ఆపివేయించి, విమర్శలు చెలరేగాక వెనక్కి తగ్గింది. మహమ్మారి వేళ కూలీ కదలకూడదన్న కోరిక ఎంత పాతదో ఈ కావ్యం చెబుతుంది. ఆ కోరికకు మంచి కవి కూడా గొంతు ఇవ్వగలడని కూడా చెబుతుంది.

కానీ సీ పాఠంలో అదే కవి మరికొన్ని పంక్తులు చేర్చాడు. గుడిసెల్లో ఉండే ఆడవాళ్ళ గురించి. ఒళ్ళో పిల్లలు, నెత్తిన ఇంటి అద్దె. చలికాలం రాత్రులు లేచి ఊయల ఊపడం, ఉన్ని ఏకడం, దువ్వడం, బట్టలకు మాసికలు వేయడం. వాళ్ళు పస్తుంటారు, అడగడానికి సిగ్గుపడతారు, ఇరుగుపొరుగుకు తెలియనివ్వరు. మధ్యయుగపు ఇంగ్లీషు కవిత్వంలో పేదరికాన్ని ఇంత దగ్గరగా చూసిన మరో చోటు నాకు కనిపించలేదు. సోమరులను తిట్టిన చేతే ఇది రాసింది. రెండింటినీ ఒకే మనిషి రాజకీయంగా కలిపి చదవడం కష్టం. విడదీసి చదవడం తేలిక.

1381 వేసవిలో ఆ తేలిక పనిని వేలమంది చేశారు. మూడోసారి వేసిన తలపన్ను ఎసెక్స్‌నూ కెంట్‌నూ మండించింది. రైతులు లండన్‌లోకి నడిచారు. అయిదేళ్ళ కింద మంచి పార్లమెంటు విచారించిన రిచర్డ్ లయన్స్‌ను చీప్‌సైడ్‌లో తల నరికారు. వాళ్ళ బోధకుడు జాన్ బాల్ ఎసెక్స్ జనానికి పంపిన లేఖలో పియర్స్ నాగలివాడిని తన పనికి వెళ్ళమని, దొంగ హాబ్‌ను బాగా దండించాలని ఉంది. ఆ లేఖ ఉరి తీయబోతున్న ఒక తిరుగుబాటుదారుడి చొక్కా చేతిమడతలో దొరికిందని చరిత్రకారుడు వాల్సింగమ్ రాశాడు. జాన్ బాల్‌ను జూలై 15న సెయింట్ ఆల్బన్స్‌లో, పిల్ల రాజు సమక్షంలో చంపారు. రాజభక్తుడైన కవి సృష్టించిన పాలేరు, కవిని అడగకుండా తిరుగుబాటులో చేరాడు. సాటి కవి గోవర్ అదే తిరుగుబాటుదారులను లాటిన్ పద్యాల్లో గాడిదలుగా, ఎద్దులుగా మార్చి తన పక్షం తేల్చుకున్నాడు. చాసర్ ఒక కోడిపుంజు కథలో ఒక్క ఉపమానం విసిరి జారుకున్నాడు. లాంగ్లండ్‌కు ఆ వెసులుబాటు లేదు. వాళ్ళు పట్టుకున్న పేరు ఆయన ఇచ్చినది.

కవిత్వం ఎవరి చేతిలోనో పడి సాక్ష్యంగా మారడం మనకు కొత్త కాదు. 1974లో విరసం రచయితల మీద పెట్టిన సికింద్రాబాద్ కుట్రకేసులో కవితలే నేరానికి రుజువులుగా కోర్టుకు ఎక్కాయి. నిర్దోషులని తేలడానికి 1989 దాకా పట్టింది. అక్కడ ప్రశ్న కవి ఏమన్నాడని కాదు, విన్నవాళ్ళు ఏం చేస్తారని. లాంగ్లండ్‌ను ఎవరూ కోర్టుకు ఈడ్చినట్టు ఆధారం లేదు. ఆయన తనను తానే ఈడ్చుకున్నాడు. సీ పాఠం ఆ విచారణ.

ఒక మార్పు చూడండి. పాత పాఠాల్లో సత్యం పియర్స్‌కు ఒక క్షమాపత్రం పంపుతుంది. ఒక పూజారి దాన్ని విప్పి చూస్తే రెండే పంక్తులు. మంచి చేసినవారికి నిత్యజీవితం, చెడు చేసినవారికి నిత్యాగ్ని. ఇందులో క్షమ ఎక్కడుందని పూజారి వెక్కిరిస్తాడు. పియర్స్ కోపంతో ఆ పత్రాన్ని రెండుగా చింపేస్తాడు. ఎందుకు చింపాడన్నదాని మీద గ్రంథాలే వచ్చాయి. పూజారి మీద కోపమా, కాగితాల మీద ఆధారపడే మతం మీదా, తన మీద తనకా? సీ పాఠంలో ఆ చింపడం లేదు. 1381లో తిరుగుబాటుదారులు దొరికిన చోటల్లా మొదట చేసిన పని భూస్వాముల దస్తావేజులు తగలబెట్టడం. నాగలివాడు అధికార పత్రాన్ని చింపే దృశ్యం ఆ తరువాత అమాయకంగా చదవడానికి వీల్లేదు. కవి దాన్ని తీసేశాడు. భయమా, పశ్చాత్తాపమా, కళాదృష్టా? భయమే మొదటిదని నా అంచనా. దానివల్ల ఆయన నాకు చిన్నవాడు కాలేదు. ఎలుకల కథ మాత్రం ఉంచాడు. అర్థం చెప్పే ధైర్యం లేదన్న మాటా ఉంచాడు.

ఇంకొకటి చేర్చాడు. లండన్‌లోని కార్న్‌హిల్, పంటకోతల కాలం. కలగనేవాడు, అంటే కవే, భార్య కిట్‌తో ఒక గుడిసెలో ఉంటున్నాడు. అంతరాత్మ, బుద్ధి ఎదురై నిలదీస్తాయి. నువ్వు కోత కోయగలవా? గడ్డి మోపు కట్టగలవా? చెప్పులు కుట్టగలవా, గొర్రెలు కాయగలవా? నీకు భూములున్నాయా? కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, మరి ఏం చేసి బతుకుతున్నావు? పని లేని తిరుగుబోతును శాసనం ప్రకారం అధికారి అడగవలసిన ప్రశ్నలివి. పియర్స్ పొలంలో సోమరులను అడిగిన ప్రశ్నలే ఇప్పుడు వాళ్ళను రాసినవాడి మీదికి వచ్చాయి. నేను చాలా పొడుగు, వంగి పనిచేయలేనంటాడు. నా పనిముట్లు ప్రార్థనా పుస్తకం, కీర్తనలు, వాటితోనే బతుకుతున్నానంటాడు. ఆ జవాబు తనకే నమ్మబలికేలా లేదు. కాలం వృథా చేశానని ఒప్పుకుంటాడు. ఎన్నిసార్లో నష్టపోయి చివరికి ఒక బేరంలో లాభపడ్డ వర్తకుడిలా, తనకూ ఒకనాడు కాస్త కృప దొరకవచ్చని ఆశ చెబుతాడు. అయితే ఇప్పుడే మొదలుపెట్టమంటుంది బుద్ధి. ఆయన చర్చికి వెళతాడు, శిలువ ముందు మోకరిల్లుతాడు, ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోతాడు. నిద్రలో, మాల్వెర్న్ కొండల మీద కన్న కలకన్నా విస్తారంగా, అదే పొలం, అదే జనం మళ్ళీ కనిపిస్తారు.